హాంకాంగ్ ముయ్ త్సాయ్ పిల్లలు: చట్టం 1923లో, రిజిస్టరు 1929లో

అడిగిన ప్రశ్న ఇది: "బ్రిటిష్‌వాళ్లు 1833లోనే బానిసత్వాన్ని రద్దు చేశారు కదా. 1920లలో హాంకాంగ్‌లో ఇంటిపనికి అమ్ముడుపోయిన ఆడపిల్లల కోసం ఉద్యమం నడిస్తే అక్కడి అధికారులు ఎందుకు అడ్డుపడ్డారు? చివరికి ఏమైనా చేశారా, లేదా?"

డిగ్రీ కాలేజీలో ఆధునిక ఆసియా చరిత్ర చెప్పి రిటైరైనవాణ్ణి. ఏటా ఎవరో ఒక స్టూడెంట్ ఈ ప్రశ్న అడిగేవాడు, ఏటా క్లాసు అయిపోయేది. ఇక్కడ గంట కొట్టేవాళ్లు లేరు కాబట్టి కాస్త తీరిగ్గా చెబుతాను.

ముక్కు సూటిగా చెప్పాలంటే, అధికారులు ఎదురు నిలబడి అడ్డుకున్నది తక్కువ. మొదట అది బానిసత్వమే కాదన్నారు. ఆ మాట చెల్లని రోజు వచ్చాక తప్పేనని ఒప్పుకుని చట్టం చేశారు. ఆ చట్టం పనిచెయ్యాలంటే పిల్లల్ని లెక్కపెట్టాలి. ఆ ఒక్క పనీ దాదాపు ఏడేళ్లు చెయ్యలేదు. కథంతా ఆ లెక్క చుట్టూనే తిరుగుతుంది.

ప్రశ్నలో ఒక చిన్న సవరణ. 1833 చట్టం సామ్రాజ్యమంతటికీ వర్తించలేదు. ఈస్టిండియా కంపెనీ ఏలుబడిలోని ప్రాంతాలను, సిలోన్‌ను, సెయింట్ హెలీనాను అందులోనే మినహాయించారు. అంటే మన గుంటూరు, గోదావరి జిల్లాలు దాని పరిధిలో లేవు. ఇక్కడికి వచ్చింది 1843 నాటి అయిదో నంబరు చట్టం. అది బానిసల్ని విడిచిపెట్టమని ఎవరికీ చెప్పలేదు. ఫలానా మనిషి నా సొత్తు అని కోర్టుకొస్తే ఆ హక్కును కోర్టు పట్టించుకోదు అంది, అంతే. మనిషిని బానిసగా కొనడం, అమ్మడం శిక్షపడే నేరం కావడానికి 1860 నాటి శిక్షాస్మృతి దాకా ఆగాల్సి వచ్చింది. చట్టం గుర్తించదు గనక ఆ పద్ధతి లేనట్టే అనే ఈ వాదన గుర్తుపెట్టుకోండి. హాంకాంగ్‌లో మళ్లీ ఇదే కనిపిస్తుంది.

ఇప్పుడు ఆ పిల్లల సంగతి. కాంటనీస్ భాషలో ముయ్ త్సాయ్ అంటే చిట్టి చెల్లి అని అర్థం. ఎంత ముద్దుగా ఉందో చూడండి. పేదింటి ఆడపిల్లను అయిదారేళ్లకో, పదేళ్లకో కలిగినవాళ్ల ఇంటికి ఇచ్చేవారు. ఇచ్చినందుకు డబ్బు తీసుకునేవారు. జీతం లేదు. తిండి, బట్ట, పడుకోవడానికి ఓ మూల. పెళ్లీడు వచ్చాక యజమానే సంబంధం చూసి పంపాలన్నది ఆచారం. కొందరు అలాగే చేసేవారు. కొందరు రెండో భార్యగానో ఉంపుడుగత్తెగానో ఇంకొకరికి ఇచ్చేసేవారు. వేశ్యావాటికలకు తోసేసినవాళ్లూ ఉన్నారు. మధ్యలో ఇంకో ఇంటికి అమ్మెయ్యడానికీ అడ్డేమీ లేదు.

దీనికి ఒక కాగితం ఉండేది. సుంగ్ తిప్ అనేవారు. అమ్మకం పత్రం అని కాదు, సమర్పించుకుంటున్న పత్రం అని దాని అర్థం. ఇంట్లో జరుగుబాటు లేక మా అమ్మాయిని ఫలానా వారికి ఇచ్చుకుంటున్నాం అనే ధోరణిలో రాసేవారు. పుచ్చుకున్న డబ్బుకు వెల అని పేరు పెట్టేవారు కాదు. అల్లం, వెనిగర్ డబ్బు అనేవారు. దక్షిణ చైనాలోని కాంటన్ వైపు బాలింతలకు అల్లం, తియ్య వెనిగర్ వేసి వండి పెడతారు, మన దగ్గర కాయం తినిపించినట్టు. అంటే పిల్లను కన్నప్పుడు తల్లి పథ్యానికైన ఖర్చు తిరిగి ఇస్తున్నాం అన్నమాట. ఇది మొదటిసారి తెలిసినప్పుడు నేను పుస్తకం మూసి కాసేపు ఊరికే కూర్చున్నాను. అమ్మకం అనే మాట ఎక్కడా పడకుండా బిడ్డ చేతులు మారిపోయింది. అధికారులు తర్వాత పట్టుకు వేలాడింది కూడా ఈ మర్యాద భాషనే: ఇది అమ్మకం కాదు, పెంపకం.

ఈ భాష మనకు కొత్తదేమీ కాదు. తెలంగాణలో దొరల, దేశ్‌ముఖుల ఇళ్లలో ఆడబాపలు ఉండేవారు. పెళ్లికూతురితో పాటు అత్తారింటికి సారెలో సామాను పంపినట్టు పంపేవారు వాళ్లను. అంత దూరం కూడా వద్దు. మా అమ్మమ్మగారి ఊళ్లో చుట్టాలింట్లో ఒక పిల్ల ఉండేది, తొమ్మిదేళ్లుంటాయేమో. వేసవి సెలవులకు వెళ్తే మాతో సమానంగా ఆడేది, కాకపోతే మధ్యమధ్యలో ఎవరో పిలిస్తే పరిగెత్తేది. "మా పిల్లల్లో ఒకతిలా చూసుకుంటున్నాం, పెళ్లి కూడా మేమే చేస్తాం" అనేవారు ఇంటివాళ్లు. అబద్ధం అని అనను, మనస్ఫూర్తిగానే అనేవారు. కానీ మా కంచాలన్నీ వంటింట్లో ఉండేవి, దాని సత్తుపళ్లెం మాత్రం పెరట్లో నూతిగట్టు పక్కన బోర్లించి ఉండేది. ఆ పిల్ల బడికి వెళ్లదేమని ఎవరినైనా అడిగానో లేదో గుర్తులేదు. అడిగి ఉండను.

సరే, అధికారుల దగ్గరికి వద్దాం.

1841లో హాంకాంగ్‌లో జెండా ఎగరేసినప్పుడు కెప్టెన్ ఎలియట్ ఒక ప్రకటన చేశాడు. చిత్రహింసలు తప్ప మిగతా విషయాల్లో చైనావాళ్లను వాళ్ల చట్టాలు, ఆచారాల ప్రకారమే పాలిస్తాం అని. తర్వాత వందేళ్లపాటు ఏ సంస్కరణ మాటెత్తినా ఈ వాగ్దానాన్ని బయటికి తీసేవారు. ఇంకో పక్క 1844లో ఆ వలసరాజ్యంలో చేసిన మొట్టమొదటి ఆర్డినెన్స్ బానిసత్వం మీదే. (అక్కడ శాసనమండలి చేసే మామూలు చట్టాన్నే ఆర్డినెన్స్ అంటారు. మనలా సభ జరగనప్పుడు తెచ్చే తాత్కాలిక చట్టం కాదు.) లండన్ దాన్ని కొట్టేసింది. సామ్రాజ్య చట్టం ఎలాగూ వర్తిస్తుంది కదా, వేరేది దేనికి అని. కాబట్టి కాగితం మీద హాంకాంగ్‌లో బానిసత్వం లేదు. కళ్లెదుట మాత్రం ప్రతి కలవారింట్లో ఒక చిట్టి చెల్లి నేల తుడుస్తోంది.

ఈ రెంటికీ పొత్తు కుదరదని మొదట గట్టిగా అన్నవాడు ఉద్యమకారుడు కాదు, ప్రధాన న్యాయమూర్తి జాన్ స్మేల్. 1879లో ఎత్తుకుపోయిన పిల్లల కేసుల్లో తీర్పు చెబుతూ, ఇది బానిసత్వమే, వలసలో వేలమంది ఇలా ఉన్నారు అని కోర్టులోనే అనేశాడు. ఊరి పెద్ద వ్యాపారులు కంగారుపడ్డారు. అప్పటికి ఏడాది ముందే, 1878లో, ఆడవాళ్లను, పిల్లల్ని ఎత్తుకుపోయి అమ్మే ముఠాలను పట్టుకోవడానికి వాళ్లే ఒక సంఘం పెట్టుకున్నారు, పో లియుంగ్ కుక్ అని. అది మంచి పనే, ఎందరినో కాపాడింది, ఇప్పటికీ ఉంది. కానీ ఎత్తుకుపోవడం నేరం, కొనుక్కోవడం ఆచారం అన్నది వాళ్ల వైఖరి. కొనుక్కోకపోతే పేదలు ఆడశిశువుల్ని చంపేస్తారు, లేదా ఆకలితో పోనిస్తారు, మేం చేస్తున్నది పుణ్యం అని గవర్నర్ హెన్నెసీకి అర్జీ పెట్టుకున్నారు.

గవర్నర్ చైనా వ్యవహారాలు తెలిసిన ఐటెల్‌ను నివేదిక రాయమన్నాడు. జర్మనీ నుంచి మిషనరీగా వచ్చి ప్రభుత్వ కొలువులో స్థిరపడిన పండితుడాయన. చైనా కుటుంబం తండ్రి చాటున నడిచే వ్యవస్థ, అందులో ఇంటి దాసిని అమెరికా తోటల్లో నీగ్రో బానిసతో పోల్చడం తప్పు అని రాసిచ్చాడు. చదివితే నిజంగా పాండిత్యమే. అదే చిక్కు. తర్వాత వచ్చిన అధికారులెవరూ కొత్తగా ఆలోచించనక్కర్లేకుండా పోయింది. ఫైలు తీసి ఐటెల్ ఇలా అన్నాడు అని రాస్తే చాలు. స్మేల్ రిటైరై వెళ్లిపోయాడు, వాదన నలభై ఏళ్లు పడుకుంది.

మళ్లీ లేపింది బయటివాళ్లు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఒక పటాలంతో హాంకాంగ్ వచ్చిన లెఫ్టినెంట్ కర్నల్ జాన్ వార్డ్ పార్లమెంటు సభ్యుడు కూడా. అంతకు ముందు మట్టిపని చేసిన కూలీ, 1889లో మట్టికూలీల సంఘం పెట్టిన మనిషి. ఆయన లండన్‌కు రాశాడు. అక్కడి వలసరాజ్యాల శాఖ గవర్నర్‌ను అడిగింది, మామూలు జవాబే వచ్చింది.

1919లో నౌకాదళ అధికారి హ్యూ హేజిల్‌వుడ్, ఆయన భార్య క్లారా వచ్చారు. క్లారా చర్చిలో ఈ పిల్లల గురించి ప్రసంగం విని స్థానిక ఇంగ్లీషు పత్రికలకు ఉత్తరాలు రాయడం మొదలుపెట్టింది. గవర్నర్ స్టబ్స్ ఏం చేశాడో చూడండి. ఉత్తరాలకు జవాబు రాయించలేదు, విచారణ వెయ్యలేదు. నౌకాదళంలో భర్త పై అధికారులతో మాట్లాడాడు. నీ భార్యను ఆపు, లేకపోతే నీకే ఇబ్బంది అనే కబురు భర్తకు చేరింది. ఆయన ఆపలేదు. కొలువు వదులుకుని ఇద్దరూ ఇంగ్లండ్ వెళ్లిపోయారు. స్టబ్స్ పీడా వదిలింది అనుకుని ఉంటాడు. హాంకాంగ్ పత్రికల్లో రాసుకునే ఆవిడను నేరుగా లండన్ పత్రికలు, మహిళా సంఘాలు, బానిసత్వ వ్యతిరేక సంఘం ఉన్న చోటికి తనే పంపించాడన్నమాట. పరిపాలనలో ఇంత సొంత గోలు మళ్లీ చూడం.

స్టబ్స్‌ను ఉత్త రాక్షసుడిగా చూపిస్తే మీకు పరీక్షలో మార్కులు రావచ్చు గానీ అర్థం కాదు. ఆయన లెక్క ఆయనకుంది. 1921 జనాభా లెక్కల్లో హాంకాంగ్ జనం ఆరు లక్షల పైచిలుకు. దాదాపు అందరూ చైనావాళ్లే. చేతిలో ఉన్న తెల్ల అధికారులు గుప్పెడు మంది. పాలన నడిచేదల్లా చైనా వ్యాపార పెద్దల సహకారంతో. ముయ్ త్సాయ్‌లు ఉన్నది సరిగ్గా ఆ పెద్దల ఇళ్లలోనే. అర్ధరాత్రి సమ్మె వస్తే ఎవరిని పిలిచి మాట్లాడాలో, వాళ్ల వంటింట్లోకి పోలీసును పంపమంటున్నారు. ఏ గవర్నర్‌కైనా టెన్షనే. టెన్షన్ నిజమైనంత మాత్రాన ఆయన రాసిన కారణాలు నిజం కావు. తనకు పెద్దమనుషుల భయం అని ఫైల్లో రాయలేదు, చైనా ఆచారం అని రాశాడు.

ఇక్కడ చాలా పుస్తకాలు దాటేసే సంగతి ఒకటుంది. చైనా ఆచారం అంటున్నప్పుడు ఏ చైనావాళ్లది? చింగ్ రాజవంశం చివరి రోజుల్లో, 1910లో, చైనాలోనే మనుషుల కొనుగోలు, అమ్మకాలను చట్టంలో నిషేధించారు. హాంకాంగ్‌లో 1921 జులైలో తాయ్ పింగ్ థియేటర్‌లో పెద్ద సభ జరిగింది. శాసనమండలిలో చైనావారి ప్రతినిధులైన లావ్ చు పాక్, హో ఫుక్ పిలిచిన సభ. పద్ధతి ఉండనీ, పిల్లల్ని కొట్టకుండా చూసే సంరక్షణ సంఘం పెడదాం అన్నది వాళ్ల ఆలోచన. సభలోనే కొందరు లేచి, సంరక్షణ కాదు, రద్దు కావాలి అన్నారు. వాళ్లే వెళ్లి ముయ్ త్సాయ్ వ్యతిరేక సంఘం కట్టారు. క్రైస్తవ సంఘాలవాళ్లు, టీచర్లు, కార్మిక సంఘాలవాళ్లు. వీళ్లూ చైనావాళ్లే, కాంటనీస్‌లోనే మాట్లాడారు. అయినా అధికారుల కాగితాల్లో చైనా అభిప్రాయం అంటే లావ్ చు పాక్ అభిప్రాయమే. హేజిల్‌వుడ్ దంపతులకు వచ్చినంత పేరు ఈ సంఘానికి రాకపోవడం నాకు ఎప్పుడూ వెలితే.

ఆ ఏడాది జనాభా లెక్కల్లో మొదటిసారి ముయ్ త్సాయ్‌లను విడిగా లెక్కేశారు. 8,653 మంది తేలారు. ఈ అంకె పక్కన పెట్టుకోండి.

1922 మొదట్లో లండన్‌లో వలసల మంత్రి విన్‌స్టన్ చర్చిల్. ఇండియా విషయంలో ఆయన సంగతి మనకు బాగా తెలుసు, ఆయన మీద నాకేమీ అభిమానం లేదు. కానీ ఇందులో ఆయన స్టబ్స్ మాట వినలేదు. పార్లమెంటులో వరసగా ప్రశ్నలు పడుతున్నాయి, దీన్ని సమర్థిస్తూ నిలబడటం ఆయనకు ఇష్టం లేదు. మార్చి 21న సభలో, ఈ పద్ధతిని వీలైనంత త్వరగా రద్దు చేస్తాం, ఏడాదిలో మార్పు పూర్తికావాలని ఆశిస్తున్నాం అని ప్రకటించాడు. అక్కడ హాంకాంగ్‌లో స్టబ్స్ పరిస్థితి చూడండి. జనవరి నుంచి మార్చి మొదటి వారం దాకా నావికుల సమ్మె రేవును స్తంభింపజేసింది. కాలినడకన కాంటన్ వెళ్తున్న సమ్మెకారుల మీద షా టిన్ దగ్గర కాల్పులు జరిగాయి. ప్రభుత్వం సమ్మెకు తలవంచాల్సి వచ్చింది. ఆ దెబ్బ పచ్చిగా ఉండగానే పెద్దల ఇళ్లలో పిల్లల సంగతి తేల్చమని పై నుంచి ఆర్డరు.

మొదట ఒక ప్రకటన వేశారు. ముయ్ త్సాయ్ యజమాని సొత్తు కాదు, వెళ్లిపోవాలనుకుంటే చైనా వ్యవహారాల కార్యదర్శి ఆఫీసుకొచ్చి చెప్పుకోవచ్చు అని. పదేళ్ల పిల్ల, చదువు రాదు, యజమానురాలు వెంట లేకుండా గడప దాటదు. ఆమె గోడ మీద ప్రకటన చదివి, దారి అడుక్కుంటూ ఆఫీసుకు వెళ్లి, గుమాస్తాతో నేను వెళ్లిపోతాను అనాలి. ఎక్కడికి వెళ్తుందో మరి.

తర్వాత 1923లో మొదటి నంబరు ఆర్డినెన్స్, ఇంటిపని చేసే ఆడవాళ్ల చట్టం. (1844లోదీ మొదటి నంబరే. కాకతాళీయం.) ఈ చట్టాన్ని కాస్త దగ్గరగా చూడాలి, అధికారుల పనితనమంతా ఇందులోనే ఉంది. మొదటి భాగం: పిల్ల కోసం డబ్బిచ్చినంత మాత్రాన ఆమె మీద హక్కు రాదు. రెండో భాగం: ఇకపై కొత్తగా ముయ్ త్సాయ్‌ను తీసుకోకూడదు, ఒకరి నుంచి ఒకరికి మార్చకూడదు, పదేళ్లలోపు ఆడపిల్లను ఇంటిపనికి పెట్టుకోకూడదు. మూడో భాగం: ఇప్పటికే ఉన్న ముయ్ త్సాయ్‌లందరి పేర్లు రిజిస్టరు చెయ్యాలి, జీతం ఇవ్వాలి, తనిఖీకి ఒప్పుకోవాలి.

మొదటి రెండు భాగాలు వెంటనే అమల్లోకి వచ్చాయి. మూడోది గవర్నర్ వేరే ప్రకటన ఇచ్చినప్పటి నుంచి అన్నారు. ఆ ప్రకటన ఇవ్వలేదు.

ఇందులో మెలిక ఎక్కడుందో చూడండి. కొత్త పిల్లను తీసుకోవడం నేరం. కానీ ఫలానా ఇంట్లో పాత పిల్లలు ఎవరో, ఎందరో రాసిన పుస్తకం లేదు. తలుపు తట్టి ఈమె ఎవరు అని అడిగితే, చట్టానికి ముందే వచ్చింది అంటారు. కాదని ఎలా రుజువు చేస్తారు? ఈమె ముయ్ త్సాయ్ కాదు, పెంచుకున్న కూతురు అనవచ్చు కూడా. పెంపుడు కూతురికి ఆ భాషలో యుంగ్ నుయ్ అనే మాట ఎలాగూ ఉంది. రిజిస్టరు లేని నిషేధం అంటే ఇంటి నంబర్లు లేని వీధిలో పన్ను వసూలుకు వెళ్లడమే. లండన్‌లో మాత్రం చట్టం చేశాం అని చెప్పుకోవడానికి మొదటి రెండు భాగాలు సరిపోయాయి. ప్రశ్నలు ఆగిపోయాయి. 1925లో హాంకాంగ్‌లో ఇంకా పెద్ద సమ్మె, బ్రిటిష్ సరుకుల బహిష్కరణ మొదలై 1926 దాకా సాగాయి. ఈ పిల్లల ఊసెత్తడానికి ఎవరికీ తీరిక లేకపోయింది.

కొత్త గవర్నర్ సెసిల్ క్లెమెంటీ స్టబ్స్‌లాంటివాడు కాదు. చైనా భాషా పండితుడు, కాంటనీస్ ప్రేమ పాటలను ఇంగ్లీషులోకి అనువదించినవాడు. ఆ పాటల్లో చాలావరకు పూల పడవల్లోని వేశ్యలు పాడుకునే విషాదాలే. అలాంటి మనిషి కూడా రిజిస్ట్రేషన్ ఆచరణలో కుదరదనే అన్నాడు. భాష తెలియకపోవడం వల్ల సమస్య రాలేదని దీన్ని బట్టే తెలుస్తుంది.

1920ల చివర్లో ఇంగ్లండ్‌లో హేజిల్‌వుడ్‌లు, బానిసత్వ వ్యతిరేక సంఘం మళ్లీ కదిలారు. మూడో భాగం నిద్రపోతోందన్న సంగతి పత్రికల్లోకి ఎక్కింది. ఈలోగా 1926లో నానాజాతి సమితి బానిసత్వంపై ఒప్పందం చేసింది, బ్రిటన్ సంతకం పెట్టింది. 1929లో లేబర్ ప్రభుత్వం వచ్చింది. వలసల మంత్రి లార్డ్ పాస్‌ఫీల్డ్, అంటే మనకు సిడ్నీ వెబ్‌గా తెలిసిన సోషలిస్టు. ఆ ఆగస్టులో ఆయన క్లెమెంటీకి ఆదేశం పంపాడు: మూడో భాగం అమలు చెయ్యండి. ఈసారి తప్పించుకోవడానికి సందు లేదు. 1929 డిసెంబరు 1న రిజిస్టరు తెరిచి 1930 మే 31న మూసేశారు.

ఎందరు రాయించుకున్నారు? 4,368.

1921లో 8,653. తేడా 4,285. వీళ్లంతా ఏమయ్యారు? కొందరు ఈ తొమ్మిదేళ్లలో పెద్దవాళ్లయ్యి పెళ్లిళ్లు చేసుకున్నారు, అది నిజమే. కొందరు చనిపోయి ఉంటారు, కొందరు కాంటన్ వైపు వెళ్లిపోయి ఉంటారు. కానీ అదే తొమ్మిదేళ్లలో కొత్త పిల్లలు రావడం ఆగలేదన్నది అప్పటివాళ్లందరికీ తెలిసిన విషయం. వాళ్లను రిజిస్టరులో రాయిస్తే 1923 చట్టం తప్పినట్టు యజమానే ఒప్పుకున్నట్టు. అందుకని వాళ్లు ఒక్కసారిగా పెంపుడు కూతుళ్లయిపోయారు. ఏడేళ్ల ఆలస్యం వల్ల జరిగింది ఇదీ. 1923లోనే రాసుంటే ప్రతి పిల్లకూ ఒక పేరు, ఒక ఇల్లు, ఒక తేదీ ఉండేవి. 1930లో రాయించుకున్నది ఎవరంటే, రాయించుకున్నా నష్టం లేనివాళ్లు.

అధికారుల లెక్క మాత్రం చక్కగా కుదిరింది. కొత్త పేర్లు చేర్చకూడదు గనక ఏటా సంఖ్య తగ్గుతూ పోవాలి. పద్ధతి అంతరిస్తోంది అని ఏటా నివేదికలో రాసుకోవచ్చు. మూసేసిన రిజిస్టరులో సంఖ్య తగ్గక ఏం చేస్తుంది?

తనిఖీకి ఇన్‌స్పెక్టర్లను వేశారు, వాళ్లలో చైనా ఆడవాళ్లూ ఉన్నారు. ఊరంతటికీ వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. రిజిస్టరయిన పిల్లల ఇళ్లకు వెళ్లి చూసి, జీతం ముట్టిందా అని అడిగి వచ్చేవారు. చూసినంతలో నిజాయితీగానే చూశారని నాకనిపిస్తుంది. వాళ్లకు వెళ్లే అధికారం లేని ఇళ్ల సంగతే అసలు సంగతి.

లండన్‌లో గొడవ ఆగలేదు. 1936లో ముగ్గురితో ఒక కమిషన్ వేసి హాంకాంగ్‌కు, మలయాకు పంపారు. అధ్యక్షుడు సర్ విల్‌ఫ్రిడ్ వుడ్స్, రెండో ఆయన సూడాన్‌లో పనిచేసిన విల్లిస్. మూడో మనిషి ఎడిత్ పిక్టన్ టర్బర్‌విల్, మాజీ లేబర్ ఎంపీ. గర్భిణులకు ఉరిశిక్ష వెయ్యకూడదన్న 1931 చట్టం వెనక ఉన్నది ఈవిడే. అంతకు చాలా ముందు మన దక్షిణ భారతంలో క్రైస్తవ యువతుల సంఘంలో పనిచేసింది కూడా.

1937లో నివేదిక రెండుగా వచ్చింది. మగవాళ్లిద్దరూ, ఉన్న చట్టాన్ని ఇంకాస్త గట్టిగా అమలు చేస్తే చాలన్నారు. ఈవిడ ఒప్పుకోక విడిగా రాసింది. ఆవిడ పట్టుకున్న పాయింటు చూడండి: ఎవరు ముయ్ త్సాయ్, ఎవరు పెంపుడు కూతురు అని పేరు మీద తగువులాడినన్నాళ్లూ ఈ సమస్య తేలదు. డబ్బు పుచ్చుకుని కన్నవాళ్ల దగ్గర నుంచి వేరే ఇంటికి వెళ్లిన చిన్నపిల్ల, ఏ పేరుతో వెళ్లినా సరే, అందరి వివరాలూ నమోదు చేసి కాపలా కాయండి. యాభై ఏళ్లుగా ఐటెల్ నివేదిక చుట్టూ తిరిగిన వాదనను ఒక్క మాటతో పక్కకు నెట్టేసింది. కాంటనీస్ పండితులకు తట్టనిది ఆవిడకు తట్టింది.

ఈసారి విచిత్రంగా అధికారులు మైనారిటీ నివేదిక వైపే వచ్చారు. మలయాలో గవర్నర్ షెంటన్ థామస్ ముందు మొగ్గు చూపాడు. హాంకాంగ్‌లో కొత్త గవర్నర్ నార్త్‌కోట్ కూడా ఒప్పుకున్నాడు, 1938లో పెంపుడు కూతుళ్లనూ నమోదు చెయ్యాలని చట్టం మార్చారు. హఠాత్తుగా మనసు మారిందంటే నేను నమ్మను. జపాన్ చైనాను తొక్కేస్తోంది, హాంకాంగ్‌కు శరణార్థులు లక్షల్లో వస్తున్నారు, పాత పెద్దల పట్టు సడలుతోంది. పైగా ఈ ఫైలు లండన్‌లో ఎంతమంది మంత్రుల తల తిన్నదో లెక్కేలేదు. 1941 డిసెంబరులో జపాన్ సైన్యం హాంకాంగ్‌ను ఆక్రమించింది. కొత్త రిజిస్టరు కుదురుకోవడానికి నాలుగేళ్లు కూడా దొరకలేదు.

మీ ప్రశ్నలో "ఏమైనా చేశారా, లేదా" అన్న ముక్క మిగిలింది. అధికారులు చెప్పిన అభ్యంతరాల్లో ఒకటి నేను కొట్టిపారెయ్యను: విడిపించిన పిల్లను ఎక్కడ పెట్టాలి అన్నది. తల్లిదండ్రులు ఎక్కడో కాంటన్ పల్లెల్లో ఉంటారు, అసలు ఉన్నారో లేదో. వెనక్కి పంపితే మళ్లీ అమ్మరన్న నమ్మకం లేదు. పో లియుంగ్ కుక్‌లో ఉన్న పడకలు కొన్నే. చాలామంది ఉద్యమకారులు దీని గురించి పెద్దగా ఆలోచించలేదు. కాకపోతే అధికారులు దీన్ని తీర్చాల్సిన చిక్కుగా చూడలేదు, చెయ్యకపోవడానికి సాకుగా వాడుకున్నారు.

తీర్చాలనుకుంటే ఏమయ్యేదో చెప్పడానికి ఒకరి కథ ఉంది. జానెట్ లిమ్, 1923లో పుట్టింది, హాంకాంగ్ చట్టం వచ్చిన ఏడాదే. ఎనిమిదేళ్ల ప్రాయంలో సింగపూర్‌లో ఒక ఇంటికి ముయ్ త్సాయ్‌గా అమ్ముడుపోయింది. సింగపూర్‌లో 1932లో ముయ్ త్సాయ్ చట్టం చేసి 1933 నుంచి అమలు పెట్టారు. అక్కడ రిజిస్టరు ఏడేళ్లు ఆగలేదు. ఆ పిల్ల ఆ ఇంటి నుంచి బయటపడి, అక్కడి పో లియుంగ్ కుక్ ఆశ్రమానికి, తర్వాత మిషన్ స్కూలుకు చేరింది. నర్సు అయింది. యుద్ధంలో ఎక్కిన ఓడ బాంబులకు మునిగిపోతే ఈదుకుంటూ బతికి, జపాన్‌వాళ్లకు చిక్కి, బయటపడింది. 1954లో సింగపూర్ సెయింట్ ఆండ్రూస్ మిషన్ ఆసుపత్రికి మేట్రన్ అయింది. నాలుగేళ్ల తర్వాత తన కథ తనే రాసుకుంది. స్మేల్, ఐటెల్, స్టబ్స్, హేజిల్‌వుడ్‌లు, పిక్టన్ టర్బర్‌విల్, ఇంతమంది ఈ పిల్లల గురించి రాసిన వేల పేజీలు చదివాక, ఒక ముయ్ త్సాయ్ సొంత చేత్తో రాసినది నాకు దొరికింది ఆ ఒక్క పుస్తకమే.